అడ్డపొగ – మేనిమచ్చ

ప్రవేశిక

శరీరం లోపల దాగి పెరిగే కేన్సర్‌ను కనిపెట్టడానికి యంత్రాలు కావాలి. చర్మం మీద, నోటిలో పుట్టే కేన్సర్‌ను కనిపెట్టడానికి చాలాసార్లు కన్ను చాలు. అయినా ఇటువంటి రోగులు ఎందరో ఆలస్యంగానే వైద్యుని వద్దకు చేరుతున్నారు. అందుకు కారణాలు వైద్యశాస్త్రంలో కంటె మన అలవాట్లలో, సంకోచాల్లో, నమ్మకాల్లో ఎక్కువగా ఉన్నాయి. ఉత్తరాంధ్ర జనజీవితం నేపథ్యంగా ఆ సంగతులను పరిశీలించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

అనకాపల్లి నుండి మాడుగుల వైపు పోయే దారిలో చోడవరం ఉంది. స్వయంభూ విఘ్నేశ్వరుని ఆలయానికీ, చెరకు తోటలకూ, సమీపంలోని గోవాడ సహకార చక్కెర కర్మాగారానికీ పేరుపొందిన ఊరు. చిరకాలం విశాఖపట్నం జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో చేరింది. ఈ ప్రాంతపు పల్లెల్లోనూ, ఇక్కడి నుండి శ్రీకాకుళం వరకు వ్యాపించిన తీరప్రాంతంలోనూ వయసు మళ్లిన స్త్రీలు కొందరు చుట్ట కాల్చే తీరు కొత్తవారికి ఒక పట్టాన అర్థం కాదు. పెదవుల మధ్య చుట్ట కొస కనిపిస్తుంది కాని నిప్పు కనిపించదు. నిప్పు నోటి లోపల ఉంటుంది. వెలిగించిన కొసను లోపలికి పెట్టుకొని, పెదవులు బిగించి పొగ పీల్చే ఈ పద్ధతినే జనం అడ్డపొగ అనీ, అడ్డచుట్ట అనీ అంటారు.

ఈ అలవాటుకు పల్లెవాసులు చెప్పే కారణాలు పలువిధాలు. సముద్రపు గాలికి, వానజల్లుకు చుట్ట ఆరిపోదు. ఊడ్పుల వేళ, బట్టలు ఉతికే వేళ రెండు చేతులకూ పని ఉంటుంది. మాటిమాటికీ చుట్టను చేతితో తీయనక్కరలేదు. ఒడిలో బిడ్డ ఉంటే నుసి రాలి మీద పడదు. చుట్ట నెమ్మదిగా కాలి ఎక్కువసేపు వస్తుంది. అత్తమామలకూ, పెద్దలకూ కనబడకుండా కాల్చుకోవచ్చు. పంటిపోటు తగ్గుతుందని నమ్మేవారూ ఉన్నారు. ఈ కారణాలన్నిటినీ ఒకచోట చేర్చి చూస్తే వాటిలో విలాసం మచ్చుకైనా కనిపించదు. పొదుపు, పని, బిడ్డ మీద ప్రేమ, పెద్దల ఎడ మన్నన, ఇవే ఉన్నాయి. కనుక అడ్డపొగ మానమని చెప్పేవారు దీనిని అనాగరికమని ఈసడించి చెబితే ఆ మాట చెవికెక్కదు.

పొగాకు మన దేశపు మొక్క కాదు. పోర్చుగీసువారి ద్వారా అమెరికా ఖండం నుండి వచ్చింది. వచ్చిన కొద్దికాలానికే తెలుగువారు దానికి పురాణగౌరవం కూడా కల్పించారు. గరుత్మంతుడు అమృతం తెస్తూండగా చుక్క రాలి పొగచెట్టుగా మొలిచిందని చెప్పే చాటుపద్యం తెలుగునాట తెలియనివారు అరుదు. గురజాడవారి ‘కన్యాశుల్కం’లో గిరీశానికి చుట్ట ఒక దర్జా, ఒక వాక్చాతుర్యం. పురుషుడు నలుగురిలో చూపించి కాల్చిన చుట్టను స్త్రీ దాచుకొని కాల్చవలసి వచ్చింది. ఆ దాచుకోవడంలోనే నిప్పు నోటి లోపలికి పోయిందని ఊహించడం అంత అసమంజసం కాదు.

నోటి పైకప్పును అంగిలి అంటారు. అడ్డపొగ తాగేటప్పుడు నోటిలోని గాలి వేడి 120 డిగ్రీల సెంటీగ్రేడు వరకు పోతుందని పరిశోధకులు కొలిచి చెప్పారు. నీరు మరిగే వేడి కంటె అది ఎక్కువ. లాలాజలం తడి వల్ల అంగిలి అప్పటికప్పుడు కాలిపోదు గాని, ఏళ్ల తరబడి ఆ వేడికీ, పొగలోని విషపదార్థాలకూ గురి అవుతూనే ఉంటుంది. మొదట అంగిలి పాలిపోయి తెల్లబడుతుంది. ఆ తెలుపు మీద ఎర్రని చుక్కలు లేస్తాయి. కొందరిలో తెల్లని పొర మందమై నెరలు విచ్చుతుంది. మరికొందరిలో ఎర్రని మచ్చలు, ఆ తరువాత మానని పుండు కనిపిస్తాయి. సాధారణంగా పొగతాగేవారిలో అంగిలి కేన్సర్ అరుదు. బుగ్గ, నాలుక, గొంతులలో ఎక్కువ. ఉత్తరాంధ్ర తీరంలో మాత్రం అంగిలి కేన్సర్ విశేషంగా కనబడింది.

ఈ విశేషాన్ని మొదట గుర్తించినవారు విశాఖపట్నం వైద్యులే. 1923లో ప్రారంభమైన ఆంధ్ర వైద్య కళాశాలకు అనుబంధమైన కింగ్ జార్జ్ ఆసుపత్రికి వచ్చే పల్లెప్రజలను పరిశీలించి, 1937లో డాక్టర్ కిని, డాక్టర్ సుబ్బారావు ఈ కేన్సర్‌ను గురించి వ్రాశారు. 1957లో డాక్టర్ గోవిందరెడ్డి, డాక్టర్ రావు కోస్తా ఆంధ్రలోని అంగిలి కేన్సర్‌కూ అడ్డపొగకూ గల సంబంధాన్ని మరింత స్పష్టంగా వివరించారు. ఆ పిమ్మట బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధనా సంస్థకు చెందిన ఫాలీ మెహతా, డెన్మార్క్ దేశీయుడు పింట్‌బోర్గ్, వారి సహచరులు శ్రీకాకుళం జిల్లాలో ఇల్లిల్లూ తిరిగి 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించారు. 1971లో వెలువడిన ఆ పరిశోధన ప్రకారం వారిలో నూటికి నలభై మందికి పైగా అడ్డపొగ తాగేవారే. వారిలోనూ స్త్రీలే అధికం. సార్డీనియా ద్వీపంలోనూ, ఫిలిప్పీన్స్, పనామా, కొలంబియా దేశాల్లోనూ ఈ అలవాటు ఉంది గాని, ఒక జిల్లా ప్రజల్లో ఇంతగా పాతుకుపోవడం లోకాన్ని ఆశ్చర్యపరచింది.

వీటి నడుమ 1945లో వెలువడిన ఒక వ్యాసాన్ని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. బొంబాయిలోని టాటా స్మారక ఆసుపత్రిలో వ్యాధినిర్ధారణ నిపుణుడైన వసంత్ రామ్‌జీ ఖనోల్కర్, తమ సహచరి సూర్యాబాయితో కలిసి, భారతదేశంలో ఆచారవ్యవహారాల వల్ల పుట్టే మూడు రకాల కేన్సర్లను అందులో వర్ణించారు. ఒకటి చుట్ట వల్ల వచ్చేది, రెండవది ఖైనీ వల్ల వచ్చేది, మూడవది పంచె వల్ల వచ్చేది! పంచె వల్ల కేన్సర్ ఏమిటని విద్యార్థులు విస్తుపోవచ్చు. పంచెను నడుము చుట్టూ ఒకే చోట ఏళ్ల తరబడి బిగించి కట్టడం వల్ల అక్కడి చర్మం ఒరుసుకుపోతుంది. చెమట, మురికి, రాపిడి కలిసి చర్మం రంగు మారి, పొలుసులు లేచి, పుండు పడి, చివరకు ఆ పుండులో కేన్సర్ పుడుతుంది. అందరికీ ఇట్లా జరగదు, చాలా కొద్దిమందికే. కాని జరిగే మార్గం ఇదే. చీర కట్టే స్త్రీలలో లంగా బొందు వల్ల ఇదే విధంగా కేన్సర్ వచ్చిన ఇద్దరిని గురించి 2024లో మహారాష్ట్ర, బీహారు వైద్యులు తెలియజేశారు. వారిద్దరూ నడుము దగ్గరి పుండును చాలాకాలం సామాన్యమైన ఒరిపిడి అనుకున్నవారే. బొందు కాస్త వదులుగా కట్టడం, కట్టే చోటును అప్పుడప్పుడు మార్చడం, బొందుకు బదులు వెడల్పైన పట్టీ వాడడం, ఈపాటి జాగ్రత్తతో పోయే ప్రమాదం అది.

కాశ్మీరంలో శీతకాలమంతా ప్రజలు నిప్పుకణికల కుండను వెదురుబుట్టలో పెట్టుకొని, అంగీ కింద పొట్టకు ఆనించుకొని తిరుగుతారు. దానిని కాంగ్డీ అంటారు. ఆ సెగ తగిలే పొట్ట మీద, తొడల మీద చర్మ కేన్సర్ వస్తోందని 19వ శతాబ్దంలోనే శ్రీనగర్‌లోని వైద్యులు గ్రహించారు. అంతకు ముందే, 1775లో, లండన్ శస్త్రవైద్యుడు పెర్సివాల్ పాట్ పొగగొట్టాలు శుభ్రం చేసే పనివారికి మసి వల్ల చర్మ కేన్సర్ వస్తున్నదని చెప్పాడు. ఒక వృత్తికీ ఒక కేన్సర్‌కూ ముడిపెట్టిన తొలి పరిశీలన అదే అంటారు. కాశ్మీరపు కాంగ్డీ, లండను మసి, కళింగపు చుట్ట. దేశాలు వేరైనా శరీరం ఒకేచోట పదేపదే గాయపడడమే వీటన్నిటిలోని సామాన్యధర్మం.

చోడవరం ప్రాంతానికి ఈ సూత్రాన్ని అన్వయించవలసిన చోటు మరొకటి ఉంది. అనకాపల్లి బెల్లం ప్రసిద్ధమైనది. చెరకు రసాన్ని పెద్ద పెనాల్లో కాచేటప్పుడు చిందిన పాకం చర్మాన్ని పట్టుకొని లోతుగా కాలుస్తుంది. కాలిన గాయం సరిగా మానక, పైన పలుచని మచ్చ ఏర్పడి, అది తరచు చిట్లుతూ ఉంటే, ఏళ్లు గడిచిన తరువాత ఆ మచ్చలో కేన్సర్ పుట్టే అవకాశం ఉంది. కాలిన మచ్చ గల ప్రతివారూ భయపడనక్కరలేదు. ఎప్పుడో మానిన మచ్చ తిరిగి పుండుపడితే, అంచులు గట్టిపడితే, దుర్వాసన వస్తే ఆకుపసరు కట్టుకుంటూ కూర్చోరాదు.

ఇక మేని రంగు మాట. చర్మం పైపొర అడుగుభాగంలో రంగును తయారుచేసే కణాలు ఉంటాయి. అవి తయారుచేసే పదార్థం మెలనిన్. ఈ కణాల సంఖ్య తెల్లవారిలోనూ నల్లవారిలోనూ దాదాపు సమానమే. అవి తయారుచేసే మెలనిన్ పరిమాణంలో, రకంలో తేడా ఉంది. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు కణాల లోపలి జన్యుపదార్థాన్ని దెబ్బతీయకుండా మెలనిన్ గొడుగు పడుతుంది. మన కావ్యాలు నీలమేఘశ్యాముణ్ణి మెచ్చుకున్నాయి. ద్రౌపదికి కృష్ణ అనే పేరు ఆమె మేనిచాయను బట్టి వచ్చినదే. అటువంటి వారసత్వం గల జాతి పెండ్లిచూపుల నాటికి చామనచాయను లోపంగా భావించి, తెల్లబరిచే లేపనాలకు డబ్బు తగలేయడం విచిత్రమైన విషయం. ఆ చాయే మనను ఒక ఘోరవ్యాధి నుండి చాలావరకు కాపాడుతున్నది.

ఆ వ్యాధి మెలనోమా. రంగును తయారుచేసే కణాల్లోనే పుట్టే కేన్సర్ ఇది. చర్మ కేన్సర్లలో సంఖ్యకు తక్కువ, ప్రమాదానికి ఎక్కువ. సకాలంలో గుర్తించకపోతే రక్తనాళాల ద్వారా, లసికా నాళాల ద్వారా ఊపిరితిత్తులకు, కాలేయానికి, మెదడుకు పాకుతుంది. తెల్లని చర్మం గల ప్రజలు తీవ్రమైన ఎండలో నివసించే ఆస్ట్రేలియాలో ఇది ఒక జాతీయ సమస్య. అక్కడ 1981లో చొక్కా తొడుక్కోండి, లేపనం పూసుకోండి, టోపీ పెట్టుకోండి అనే అర్థం వచ్చే మూడు చిన్నమాటలతో, ఒక సముద్రపక్షి బొమ్మతో ప్రచారం మొదలుపెట్టారు. పసిపిల్లలకు సైతం ఆ పాట కంఠతా వచ్చింది. ఆ ప్రచారం మెచ్చదగినదే. అయితే దానిని ఉన్నదున్నట్లు తెచ్చి మన బడి గోడల మీద అతికిస్తే ప్రయోజనం స్వల్పం. ఎందుకంటే మనవారికి మెలనోమా వచ్చే చోటు వేరు.

భారతీయులకు, ఆఫ్రికా సంతతివారికి మెలనోమా వచ్చినప్పుడు తరచు ఎండ సోకని చోటనే వస్తుంది. అరికాలు, అరచేయి, గోటి అడుగు, నోటిలోని అంగిలి, పైచిగురు దాని స్థానాలు. జమైకా గాయకుడు బాబ్ మార్లే కథ లోకప్రసిద్ధం. 1977లో ఆయన కాలి బొటనవేలి గోటి కింద నల్లని మచ్చ కనిపించింది. ఫుట్‌బాల్ ఆటలో తగిలిన దెబ్బ అనుకున్నారు. పరీక్షలో మెలనోమా అని తేలింది. వేలు తీసివేయడానికి ఆయన అంగీకరించలేదు. వ్యాధి శరీరమంతా పాకి 1981 మే 11న, ముప్పయి ఆరేళ్ల వయసులో మరణించాడు. చెప్పులు లేకుండా చెరకుతోటలో, వరిమడిలో నడిచే రైతుకు అరికాలి మీద నల్లమచ్చ కనిపిస్తే ఏమనుకుంటాడు? ముల్లు విరిగిందనో, ఆనెకాయ అనో, రక్తం గడ్డకట్టిందనో అనుకుంటాడు. చాలాసార్లు అది నిజమే అవుతుంది కూడా. అందుకే నిజం కాని ఒక్కసారి మోసపోతాడు.

మనవారికి పుట్టుమచ్చల మీద శ్రద్ధ లేకపోలేదు. ఏ మచ్చ ఎక్కడ ఉంటే ధనయోగం, ఎక్కడ ఉంటే దేశాంతర ప్రయాణం అనే సాముద్రికం పంచాంగం కొన్న ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. మచ్చ ఎక్కడ ఉన్నదన్న ధ్యాసే గాని, ఎట్లా ఉన్నది, మారుతున్నదా అన్న ధ్యాస తక్కువ. సుశ్రుతుడు మాత్రం తన సంహితలో తిలకాలకం, మషకం మొదలైన మచ్చలను శుభాశుభాలతో కాక వ్యాధులతో చేర్చి వర్ణించాడు. అర్బుదాన్ని గురించి వేరుగా చెప్పాడు. వైద్యుని చూపు అది.

1985లో న్యూయార్క్ వైద్యులు మచ్చను పరీక్షించడానికి తేలికైన గుర్తులు చెప్పారు. మచ్చను నడిమికి గీత గీసినట్లు ఊహిస్తే రెండు సగాలు ఒకే తీరుగా ఉండాలి. అంచు నున్నగా ఉండాలి, చిరిగిన కాగితంలా ఉండరాదు. రంగు అంతటా ఒకటిగా ఉండాలి. ఒకచోట నలుపు, ఒకచోట గోధుమరంగు, మరొకచోట ఎరుపో నీలమో ఉంటే అనుమానించాలి. పరిమాణం 6 మిల్లీమీటర్లు, అంటే పెన్సిలు వెనుకటి కొసంత, దాటితే చూపించుకోవాలి. తరువాతి కాలంలో ఐదవ గుర్తు చేర్చారు. అది మార్పు. నిన్నటి మచ్చ నేడు పెరిగినా, ఉబ్బినా, దురద పెట్టినా, రక్తం కారినా అది అన్నిటి కంటె ముఖ్యమైన సూచన. గోటిలో పొడవునా కొత్తగా పుట్టి వెడల్పవుతున్న నల్లగీత కూడా ఇటువంటిదే. గోరు అంచు దాటి చర్మం మీదికి ఆ నలుపు పాకితే ఒక్క వారం కూడా ఆగరాదు.

ఎండను గురించి అసలు చెప్పనక్కరలేదని దీని భావం కాదు. పుట్టుకతోనే మెలనిన్ లేనివారు మన పల్లెల్లోనూ ఉన్నారు. వారిని ఎగతాళి చేసే పేర్లు చాలా ఉన్నాయి. వారికి గొడుగు పట్టే చేతులు తక్కువ. నిండు చేతుల చొక్కా, వెడల్పు అంచు గల టోపీ లేదా తాటాకు గొడుగు, లేపనం వారికి అలంకారం కాదు, ప్రాణరక్షణ. అటువంటి విద్యార్థిని మిట్టమధ్యాహ్నం మైదానంలో నిలబెట్టకపోవడం పాఠశాలల బాధ్యత. మిగిలినవారికి కూడా పగలు పది మొదలు నాలుగు వరకు ఎండ తీక్ష్ణమైనదే. తలపాగా చుట్టుకొని పొలానికి పోయే తాతలు ఈ సంగతి ఎవరూ చెప్పకుండానే ఎరుగుదురు.

ఎంత చెప్పినా జనం అలవాట్లు మారవని నిరుత్సాహపడేవారికి శ్రీకాకుళం జిల్లాయే సమాధానం. 1970వ దశకం చివరలో కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావ్‌నగర్, ఆంధ్రలోని శ్రీకాకుళం జిల్లాల్లో పొగాకు వాడే 36,000 మందిని ఎన్నుకొని, వారిచేత ఆ అలవాటు మాన్పించడానికి పరిశోధకులు ప్రయత్నం ప్రారంభించారు. చలనచిత్రాలు చూపారు, ప్రచారాలు చేశారు. వాటితో పాటు ప్రతి ఒక్కరి వద్దా కూర్చుండి నోరు చూసి, కనిపించినది వారికే వివరించి మాట్లాడారు. 1986లో ప్రకటించిన ఫలితాల ప్రకారం ఇటువంటి సలహా అందినవారిలో మానినవారు, తగ్గించినవారు ఎక్కువయ్యారు. కేన్సర్‌కు ముందు నోటిలో కనిపించే మచ్చలు తగ్గాయి. చుట్ట మానితే అంగిలి తిరిగి కోలుకోగలదు. ఎనభై ఏళ్ల అవ్వకు ఇప్పుడు మాని ప్రయోజనమేమిటి అనేవారు ఈ సంగతి తెలుసుకోవాలి.

పొగాకు నియంత్రణకు 2003లో కేంద్రప్రభుత్వం చట్టం చేసింది. 2009 నుండి సిగరెట్టు, బీడీ పెట్టెల మీద హెచ్చరిక బొమ్మలు వచ్చాయి. కాని ఇంట్లో ఆకు చుట్టుకొనే చుట్టకూ, సంతలో విడిగా కొనే చుట్టకూ పెట్టె ఏది? బొమ్మ ఏది? చట్టం చేరని ఆ చోటికి చేరగలవాడు ఇంట్లో చదువుకుంటున్న మనుమడో, మనుమరాలో మాత్రమే.

వారు చేయవలసిన పని పెద్దది కాదు. పగటి వెలుతురులో అమ్మమ్మనో నాయనమ్మనో గుమ్మం దగ్గర కూర్చోబెట్టి, తల వెనుకకు వాల్చి నోరు తెరవమని, టార్చిలైటు వేసి అంగిలి చూడాలి. తెలుపు మీద ఎరుపు చుక్కలు, మందమైన పొర, ఎర్రమచ్చ, రెండు వారాలకు మించి మానని పుండు, వీటిలో ఏది ఉన్నా గమనించాలి. ఆ తరువాత అరికాళ్లు, కాలివేళ్ల సందులు, గోళ్లు చూడాలి. తన అంగిలిని తాను చూసుకోవడం ఎవరికీ సాధ్యం కాదు. వయసు వచ్చినవారికి తమ అరికాలు చూసుకోవడమూ కష్టమే. చూసేటప్పుడు చుట్టను గురించి తిట్టరాదు. తిడితే రెండవసారి నోరు తెరవరు.

అనుమానం కలిగితే మొదట దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించవచ్చు. అక్కడి వైద్యుడు విశాఖపట్నంలోని కింగ్ జార్జ్ ఆసుపత్రికి గాని, అనకాపల్లి నుండి విశాఖ పోయే దారిలో అగనంపూడి వద్ద టాటా స్మారక కేంద్రం నడుపుతున్న హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రికి గాని పంపగలడు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై నేడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకంలో పేదలకు కేన్సర్ చికిత్స లభిస్తుంది. పుండు నుండి చిన్నముక్క తీసి సూక్ష్మదర్శినితో పరీక్షించడం అక్కడ జరిగే తొలిపని. కత్తి తగిలితే రాచపుండు పాకుతుందని పల్లెల్లో ఒక గట్టి నమ్మకం ఉంది. ముక్క తీయడం వల్ల కాదు, తీయించుకోవడానికి జంకి గడిపిన నెలల వల్ల అది పాకుతుంది. ఆ నెలలు గడవకముందే వచ్చినవారికి చాలాసార్లు మచ్చనూ, దాని చుట్టూ కొద్దిపాటి చర్మాన్నీ తీసివేసి ఇంటికి పంపుతారు.